కొసరేసిన తీగ

మొన్న ఇంట్లో ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన కుర్రవాడు పని ముగించి, మిగిలిన వైరునంతా చుట్ట చుట్టి టీవీ వెనక మేకుకు తగిలించాడు. అంత చుట్ట ఎందుకయ్యా, కోసెయ్యరాదా అన్నాను. "ఉండనీ ఆంటీ, ఎక్కువుంటే మంచిదే గదా" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటి వైరుకు మా పాత లెక్క వర్తించదని, అది ఎంత పొడుగున్నా ఏమీ కాదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం రాకుండా ఉంటుందా? ఆ పిల్లవాడు బిత్తరపోయి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు. ఎక్కువుంటే మంచిదే అన్న ఆ ఒక్క మాట వల్ల ఒక వానాకాలమంతా మా చిన్నాయన ఎంత నలిగిపోయాడో వాడికేం తెలుసు.

మా ఇల్లు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే పెద్ద రోడ్డు మీద ఉండేది. కింద బట్టల దుకాణం, పైన ఇల్లు, ఆ పైన డాబా. చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం అది. పొద్దున దుకాణం తలుపులు తీస్తే కొత్త తానుల గంజి వాసన, కలరా ఉండల వాసన. పొద్దుగూకే వేళకు గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీల నుంచి మురిగిన గుడ్లలో స్పిరిటు పోసినట్టు ఒక వాసన వచ్చేది. మా నాయనమ్మకు అదే గడియారం. "వాసన లేసింది, పాలు పొయ్యి మీద పెట్టు" అనేది. ముక్కు మూసుకునే పాలు కాచేవాళ్ళం. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు.

మా నాన్న సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు, దుకాణంలో రాజ్యమంతా తాతది. పనివాళ్ళు ఎంతమంది ఉన్నా కొలత తాతది, కత్తెర తాతది. ఇంకెవరూ ముట్టుకోకూడదు. మీటరు కట్టె పరిచి, ఒక్కో మీటరు చివర బొటనవేలు అడ్డం పెట్టి, ఆ వేలి అవతల నుంచి మళ్ళీ కొలత మొదలుపెట్టేవాడు. అంటే మీటరుకు బొటనవేలంత ఊరికే వచ్చినట్టు. అంతా అయ్యాక కత్తెర వేసే ముందు ఒక బెత్తెడు పైన కలిపేవాడు. అది కొసరు. ఆ బెత్తెడు కోసం దారిలో వేరే దుకాణాలు దాటుకుని మరీ మా దగ్గరికి వచ్చేవాళ్ళు. "కొసరెయ్యని చెయ్యి దుకాణానికి పనికి రాదు" అని తాత అంటూ ఉండేవాడు. ఇంట్లో వడ్డన కూడా అంతే. చాలంటే చాలనిచ్చేవాళ్ళు కాదు, సర్వపిండి మీద సర్వపిండి పడేది.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. ఆయనకు నత్తి. మాట మొదటి అక్షరం దగ్గర చిక్కుకుని, మెడ నరం బిగుసుకుని, ఎంతకీ బయటికి వచ్చేది కాదు. వస్తుందేమోనని ఆగే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది? అందరం మాట అందించేవాళ్ళమే. ఆయన "ప... ప..." అంటే "పప్పా?" అని నాయనమ్మ గరిటెడు పప్పు వేసేసేది. ఆయన అడగబోయింది పచ్చిపులుసు. తల వంచుకుని పప్పే తినేవాడు. దుకాణంలో గిరాకీ ముందు నిలబడితే తాత వెనక నుంచి ఆయన మాట పూర్తిచేసి, మెల్లగా వెనక్కి పంపి తానులు మడత పెట్టించేవాడు. ప్రేమ లేక కాదు. పరువు పోకుండా కాపాడుతున్నాననుకునేవాడు. నాకు ఊహ తెలిశాక చిన్నాయన ఏ మాటనూ తనంతట తాను ముగించగా వినలేదు.

అలాంటి మనిషి హైదరాబాదులో డిప్లొమా చదువుతుండగా రేడియో పిచ్చి అంటించుకుని వచ్చాడు. వినే రేడియో కాదు, మన ఇంట్లోంచి మనమే పంపే రేడియో. నోటితో మాట్లాడక్కర్లేదు. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు కలిపి ఒక్కో అక్షరం చేసి, మీటను వేలితో నొక్కుతూ పంపితే ఇంకో ఊళ్ళో ఇంకొకరు విని, అలాగే జవాబు ఇస్తారు. సర్కారు పరీక్ష పాసయ్యాడు. అక్షరాలూ అంకెలూ కలిపి ఒక గుర్తు ఇచ్చారు ఆయనకు. ఆకాశంలో అదే పేరు. పాత సామాను కొనుక్కొచ్చి సెట్టు కూడా తానే కట్టుకున్నాడు. డాబా మీద చిన్న గదిలో బల్ల వేసి పెట్టాడు.

ఆ చప్పుళ్ళ భాష నాకూ నేర్పాడు. అప్పుడు నేను హైస్కూలు పిల్లను, ఏది చెప్పినా పట్టుకునేదాన్ని. అన్నం దగ్గర కంచం అంచు మీద వేలితో కొట్టుకుంటూ ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. నాయనమ్మ గురక గురించి, తాత తుమ్ము గురించి వాళ్ళ ముందే కూర్చుని కంచం మీద వెటకారాలు. "ఏందే పిల్లా, కంచం మీద దరువు? ఇంట్ల దరిద్రం పడ్తది" అని నాయనమ్మ తిట్టేది. చిన్నాయన నవ్వు ఆపుకోలేక పొలమారేవాడు. ఆయన వేలికి నత్తి లేదు. నాయనమ్మ నోటికంటే జోరు.

పంపడానికి డాబా మీద తీగ కట్టాలి. రెండు కొసల్లో రెండు ఇనుప పైపులు పాతి, మధ్యలో రెండు తీగలు చెరో వైపు లాగి, అవి కలిసే చోటు నుంచి ఒక గుండ్రటి కేబుల్ కిందికి గదిలోకి దించాలి. ఒక్కో తీగ ఎంత ఉండాలో చిన్నాయన లెక్కకట్టి కాగితం మీద రాసి తాతకు ఇచ్చాడు. మా ఇంట్లో కొలత ఎవరిదో చెప్పాను కదా. తాత ఉత్సాహంగా రాగితీగ కట్ట తెప్పించి, దుకాణంలో గద్దె మీద కూర్చుని, స్వయంగా కొలిచి కోసిచ్చాడు. కొడుకు ఆటకు తండ్రి సాయం. అందరం మురిసిపోయాం.

ఇక అక్కడి నుంచి మొదలైంది అవస్థ. చిన్నాయనకు అందరూ వినబడేవాళ్ళు. ఎక్కడెక్కడి వాళ్ళో వాన పడిందా అని, భోజనం అయిందా అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఈయన పిలిస్తే ఒక్కరూ పలికేవాళ్ళు కాదు. రోజూ పొద్దున, సాయంత్రం పిలవడం, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎదురుచూడడం, మళ్ళీ పిలవడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను పక్కన మరమరాలు తింటూ కూర్చుని, నా నమిలే చప్పుడుకు ఎక్కడ జవాబు తప్పిపోతుందోనని నోట్లోనే నానబెట్టుకునేదాన్ని.

హైదరాబాదు నుంచి ఒక మీటరు పట్టుకొచ్చాడు. అది కేబుల్‌కు తగిలిస్తే పంపిన బలంలో ఎంత తిరిగి వస్తోందో ముల్లు చూపిస్తుంది. దాన్ని ఎస్.డబ్ల్యూ.ఆర్. అంటారని చెప్పి, అదేమిటో పలక మీద బొమ్మ గీశాడు. కేబుల్‌కు ఒక స్వభావం ఉంటుంది, దాన్ని ఓముల్లో లెక్కిస్తారు. చివర ఉన్న తీగ కూడా అదే స్వభావం చూపిస్తే పంపిందంతా గాలిలోకి పోతుంది. రెండూ పొసగకపోతే ఆ అతుకు దగ్గరే కొంత వెనక్కి మళ్ళుతుంది. పోయేదీ వచ్చేదీ కేబుల్లో ఢీకొని ఎక్కడి అల అక్కడే నిలబడిపోతుంది. నాయనమ్మ దండెం తాడు ఒక కొస కొక్కేనికి కట్టి, రెండో కొస పట్టుకుని ఊపి చూపించాడు. నిజంగానే పోయిన అల కొక్కేనికి తగిలి తిరిగొచ్చింది. ఊపగా ఊపగా తాడు మధ్యలో ఉబ్బెత్తుగా నిలబడిపోయింది. నాయనమ్మ అది చూసి, "అంటే మనం పంపిన సరుకు గిరాకి ఒప్పుకోక వాపస్ జేసినట్టా?" అంది. అచ్చంగా అంతే. ఆనాటి నుంచి మా ఇంట్లో అది వాపస్ ముల్లు.

వాపస్ ముల్లు ఎప్పుడూ చివరికే పోయి నిలబడేది. సెట్టే చిన్నది, అందులో చాలా భాగం వాపస్ వస్తే ఇక పోయేదెంత? తిరిగొచ్చిన బలానికి సెట్టు వేడెక్కి, దుమ్మూ లక్కా కాలిన వాసన వచ్చేది. మాడిపోతుందని భయపడి చిన్నాయన ఇంకా తగ్గించి పంపేవాడు. దాని ఇనుప డబ్బా తగిలితే వేలికి చురుక్కుమనేది. మీట నొక్కబోయి ఆ చురుకుకు ఆయన చెయ్యి ఉలిక్కిపడేది.

ఏం చెయ్యలేదు కనుక! అతుకులన్నీ కరిగించి మళ్ళీ అతికాడు. కేబుల్ మార్చాడు. పైపులు ఎత్తు పెంచాడు. ఒకనాడు చూస్తే తీగ కిందికి సాగి ఉంది, దాని మీద నాయనమ్మ తడి చీర, రెండు లంగాలు. "ఖాళీగున్నది గదా అని ఏసిన" అంది. దొరికింది కారణం అని ఎగిరి గంతేశాం. బట్టలు తీశాక కూడా ముల్లు కదల్లేదు. అన్నీ మార్చాడు, అన్నీ కొలిచాడు, ఆ రెండు తీగల పొడుగు తప్ప. తాత కొలిచింది మళ్ళీ కొలవడమనే ఊహ మా ఇంట్లో ఎవరి బుర్రలోకీ వచ్చేది కాదు. తాతేమో పైకి వచ్చినప్పుడల్లా "ఇంకింత తీగ ఏద్దామారా? ఎక్కువుంటే మంచిదే గదా" అనేవాడు.

వానలు తగ్గి దసరా గిరాకీ మొదలయ్యేసరికి తాతకు విసుగొచ్చింది. పండుగ వెళ్ళాక పైపులు పీకేసి, ఆ సామాను పాత సామాన్లవాడికి ఇచ్చేసి, బుద్ధిగా దుకాణంలో కూర్చోమన్నాడు. చిన్నాయన ఎదురు చెప్పలేదు. అసలు నన్ను భయపెట్టింది అది. పొద్దున్నే గదిలోకి పోవడం మానేశాడు. నేను పోయి పిట్టగోడ మీద కొట్టి అడిగాను, ఎందుకు పిలవట్లేదని. ఆయన కూడా గోడ మీదే వేలితో కొట్టాడు. నా చేతికి కూడా నత్తి ఉన్నట్టుంది, వినేవాళ్ళు సగంలోనే లేచిపోతున్నట్టుంది అన్నాడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. లేదు, నీ చెయ్యి మంచిగుంది అని గోడ మీద నా వేళ్ళు నొప్పిపుట్టేలా కొట్టాను. నా మాట ఆయన నమ్మలేదు. ఇంటి పిల్ల సాక్ష్యం ఎవరు నమ్ముతారు!

పండుగ సెలవుల్లో నన్ను దుకాణంలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒకనాడు మధ్యాహ్నం, ఉత్తరాది నుంచి వచ్చి ఫ్యాక్టరీలో వడ్రంగం చేసే ఒక మనిషి లుంగీ గుడ్డ రెండు మీటర్లు అడిగాడు. తాత కొలిచి కోసిచ్చాడు. ఆ మనిషి నడుముకున్న ఇనుప టేపు తీసి, అక్కడికక్కడే గద్దె మీద పరిచి కొలిచాడు. పనివాళ్ళు మడతలు ఆపి చూశారు. తాత కొలతను కొలిచిన మనిషిని మేమెవ్వరం అప్పటిదాకా చూడలేదు.

"సేట్, జ్యాదా హై. మైనే దో మీటర్ బోలా" అన్నాడు అతను, ఎక్కువకు డబ్బు అడుగుతారేమోనని అనుమానంగా.

తాత పకపకా నవ్వాడు. "కొసరు హై భాయ్, కొసరు. పైసా నై. లేజావ్."

అందరూ నవ్వారు. నాకు మాత్రం అతని టేపు దాటి బయటికి వేలాడుతున్న గుడ్డ కనబడింది. రెండు మీటర్లకే అంత వస్తే, డాబా మీది తీగకు ఎంత వచ్చి ఉంటుంది? మీటరు మీటరుకూ బొటనవేలు, చివర బెత్తెడు. చిన్నాయన రాసిచ్చిన లెక్క ఏమైనట్టు? తీగ పొడుగైతే దాని స్వభావం మారిపోతుందని, కేబుల్‌తో పొసగదని పలక మీద గీసి మరీ చెప్పాడే! నా తల నేను బాదుకోవాలనిపించింది. వానాకాలమంతా కళ్ళ ముందే ఆ వేలు ఆడుతుంటే ఇంతమందిమి చూస్తూ కూర్చున్నాం.

అన్నాల దగ్గర తాత ఎదురుగానే ఉన్నాడు. పైకి చెప్పే ధైర్యం నాకు లేదు. తాత పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కంచం అంచు మీద ఒక్కటే మాట కొట్టాను, కొసరు అని. చిన్నాయన అర్థం కానట్టు చూశాడు. మళ్ళీ కొట్టాను, తీగకు కొసరు అని. ముద్ద నోటి దాకా పోయి ఆగిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని, దర్జీ టేపు, పట్టకారు పట్టుకుని మెట్లెక్కాడు. వెనకే నేను.

తీగ దించి డాబా మీద పరిచి కొలుస్తుండగా తాత వచ్చాడు. వంగి టేపు పట్టుకున్న కొడుకును చూశాడు.

"నా కొలత మీద కొలత పెడుతున్నవారా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

చిన్నాయన నిలబడ్డాడు. "ఎ... ఎక్కు..."

"ఎక్కువ గావాల్నా? గంత దానికి గిట్ల దించుడేంది? ఇంకో కట్ట తెప్పిస్త."

చిన్నాయన తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. తాత మళ్ళీ అందుకున్నాడు, ఎంత కావాలో చెప్పు, మోమాటం ఎందుకు, నేను లేనా అని. ఆ మాటల్లో ఉన్నదంతా ప్రేమే. ఆ ప్రేమకు గోడకు తల కొట్టుకోవాలి. చిన్నాయన చేతిలో ఉన్న పట్టకారు ఎత్తి పిట్టగోడ మీద ఒక్కటి వేశాడు. సున్నం పెచ్చు లేచి పడింది.

"బాపు, ఆగు" అన్నాడు. ఆ రెండు మాటలూ తడబడకుండా వచ్చాయి. తర్వాతవి మాత్రం ఒక్కో అక్షరం రాయి దొర్లించినట్టు వచ్చాయి. "ఎక్కువైంది. నువ్వు కొసరేసినవు."

తాత తీగ వైపు చూశాడు, టేపు వైపు చూశాడు. "కొసరెయ్యకుంట నేనెన్నడన్న కోసిన్నారా? నీది గదా అని బెత్తెడు కాడ జానెడేసిన" అన్నాడు. ముఖం చిన్నబోయింది. అప్పటిదాకా తాత మీద ఉన్న నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తాతే చెయ్యి చాపి పట్టకారు తీసుకున్నాడు. కత్తెర ఆయనదే కదా. చిన్నాయన టేపు పరిచి, కోయాల్సిన చోట గోరు పెట్టి చూపించాడు. అలవాటు చొప్పున తాత బొటనవేలు వచ్చి అడ్డం పడింది. చిన్నాయన ఆ వేలిని మెల్లగా పక్కకు జరిపాడు. తాత కోశాడు. రెండో వైపు కూడా కోశాడు. కొసరు లేకుండా కోయడం ఆయనకు పాపం చేసినట్టే ఉండి ఉంటుంది.

తీగ మళ్ళీ ఎత్తి కట్టేసరికి పొద్దుగూకింది, ఫ్యాక్టరీ వాసన లేచింది. చిన్నాయన మీట నొక్కాడు. వాపస్ ముల్లు ఈసారి లేవనే లేదు, మొదటి గీత దగ్గరే పడుకుంది. సెట్టు డబ్బా చురుక్కుమనలేదు. ఇంక తగ్గించాల్సిన అవసరం లేక సెట్టు బలమంతా పెట్టి పిలిచాడు. నేను హెడ్‌ఫోన్‌కు అటువైపు చెవి ఆనించాను.

జవాబు వచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్ళో ముక్కూమొహం తెలియని ఒక మనిషి, మా చిన్నాయన గుర్తును మొదటి అక్షరం నుంచి చివరిదాకా పలికాడు. స్పష్టంగా వినబడుతున్నావు, నీ చెయ్యి చాలా సాఫుగా ఉంది అన్నాడు. చిన్నాయన మళ్ళీ చెప్పమని అడిగాడు. అతను మళ్ళీ చెప్పాడు. చిన్నాయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి మీట మీద చెయ్యి తియ్యడం లేదు.

గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు. కింద దుకాణంలో పండుగ గిరాకీ, ఎవరో సేట్ సేట్ అని కేకేస్తున్నారు. "ఏమంటుండురా?" అన్నాడు తాత.

నాకు జవాబు నాలుక చివర ఉంది. నోరు తెరిచాను. తాత నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నా... నా చె..." అన్నాడు చిన్నాయన. మెడ నరం బిగుసుకుంది. చె దగ్గర మాట ఆగిపోయింది. తాత పెదవులు కదిలాయి, అలవాటు కదా, అందించబోయాడు. మళ్ళీ మూసుకున్నాడు. కింద కేకలు పెరిగాయి. తాత కదల్లేదు. గుమ్మం పట్టుకుని, కొడుకు నోటి వైపే చూస్తూ అలా నిలబడ్డాడు.

"నా చెయ్యి సాఫుగున్నదంటుండు, బాపు."

తాత తల ఊపి దుకాణంలోకి దిగిపోయాడు.

ఆ దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. ఆ డాబా ఉన్న చోట ఇప్పుడు రాత్రీ పగలూ లారీలు పోతుంటాయి. చిన్నాయన ఆ తర్వాత ఎన్ని ఊళ్ళ వాళ్ళతో మాట్లాడాడో లెక్కలేదు, అదంతా సంతోషమే. అయినా ఆ సాయంత్రం గుర్తొస్తే సంతోషం కంటే ముందు నాకు చిరాకే వస్తుంది. ఒక మనిషి మాట ముగించేదాకా నోరు మూసుకుని ఊరుకోవాలి, ఇంతే కదా మేం చేయవలసింది. పైసా ఖర్చు లేని పని. ఆ కాస్తా మా ఇంట్లోవాళ్ళం చెయ్యడానికి ఆయన ఒక సర్కారు పరీక్ష పాసై, సెట్టు కట్టి, డాబా మీద పైపులు పాతి, ఎక్కడో ఉన్న పరాయి మనిషి చేత సాక్ష్యం చెప్పించవలసి వచ్చింది.